బాయిలరేమీ సర్వర్ కాదు బాబూ, రీసెట్ కొట్టుకుంటూ కూర్చోడానికి!

ఇంగ్లండులో అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పామంటే చాలు, ఆ మర్నాటి నుంచీ మన తెలుగు ఐటీ జనాల మధ్య ఒకటే ప్రశ్న మొదలవుతుంది. "బాస్, మా ఇంట్లో బాయిలర్ మీద ఎఫ్28 అని చూపిస్తోంది, వేడినీళ్ళు రావట్లేదు, ఏం చెయ్యాలి?" ఆ ప్రశ్న పూర్తయ్యేలోపే పదిమంది నుంచి పది సమాధానాలు. పదీ ఒకటే. "రీసెట్ కొట్టు".

కొట్టాడు. వెలిగింది. "థాంక్స్ బాస్". అంతే, టికెట్ క్లోజ్. మళ్ళీ రెండ్రోజులకి అదే మనిషి, అదే ఎఫ్28, అదే రీసెట్.

నా గొడవంతా ఈ సమాధానంతోనే. ఎందుకంటే ఒకప్పుడు ఆ పదిమందిలో నేనూ ఒకణ్ణి. పైగా చెప్పడం దగ్గరే ఆగలేదు, చేసి చూపించాను కూడా. ముందు ఆ భాగోతం చెప్పి, తర్వాత తిట్టాల్సిన వాళ్ళని తిడతాను. తిట్లలో మొదటి వాటా నాదే లెండి.

రీడింగ్‌లో మేం అద్దెకున్న ఇంట్లో, వంటింటి పక్కన బీరువా లాంటి గదిలో ఉండేది బాయిలర్. ఒక జనవరిలో, ఉదయం లేచేసరికి ఇల్లంతా ఐసుముక్క. బాయిలర్ మీద ఏదో కోడ్ మెరుస్తోంది. మాన్యువల్ చూస్తే "మంట ఆరిపోయింది" అని ఉంది. రీసెట్ నొక్కా. టిక్ టిక్ మని రవ్వలు, భుస్సుమని మంట, రేడియేటర్లు వేడెక్కాయి. నేను హీరో. మా ఆవిడ కాఫీ ఇచ్చింది.

సాయంత్రం మళ్ళీ ఆరిపోయింది. మళ్ళీ నొక్కా. మర్నాడు రెండుసార్లు. మూడోరోజు లెక్కపెట్టడం మానేశా. ఏజెంటుకి ఫోన్ చేస్తే అటునుంచి ఒక పిల్ల గొంతు, "రీసెట్ చేసి చూశారా సర్?" అంది. చూశానన్నా. "అయితే అలాగే చేస్తూ ఉండండి, వచ్చేవారం ఎవరినైనా పంపిస్తాం" అంది. నాకేం అభ్యంతరం లేదు. అరగంటకోసారి లేచి మీట నొక్కే ఉద్యోగం నాకు కొత్తేమీ కాదు, ఆన్‌కాల్ చేసినవాణ్ణి.

ఆ వారంలోనే మా ఆవిడకి తలనొప్పి. వికారం. "చలికి అయ్యుంటుంది, విక్స్ రాసుకో" అన్నాను. పాపాయి మామూలుకన్నా ఎక్కువ నిద్రపోతోంది. "మంచిదేగా" అనుకున్నాం. నాకూ పొద్దున తల దిమ్ముగా ఉండేది, ఆఫీసుకెళ్ళిన గంటకి పోయేది. ఆఫీసు కాఫీ మహత్యం అనుకున్నా!

ఇంకో విషయం కూడా ఒప్పేసుకుంటా. ఆ బాయిలర్ ఉన్న గదిలో ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండేది. ఆ ఇంట్లోకి దిగిన కొత్తలో నిమిషానికోసారి "కిచ్" మంటూ ప్రాణం తీస్తోందని నేనే బ్యాటరీ పీకి డ్రాయర్‌లో పడేశా. అది "నా ఆయుష్షు అయిపోయింది, నన్ను మార్చండి" అని చెప్పడం అని నాకు తర్వాత తెలిసింది.

ముగింపు కాసేపాగి చెప్తాను. ముందు ఆ పెట్టె అసలేం చేస్తుందో చూద్దాం, ఎందుకంటే మన తప్పు అక్కడే ఉంది.

వేడి కావాలని మీరు అడగ్గానే బాయిలర్ ముందు ఫ్యాన్ తిప్పుతుంది. ఫ్యాన్ సరిగ్గా తిరుగుతోందా లేదా అని చూసుకుంటుంది. తర్వాత రవ్వలు పుట్టిస్తూ గ్యాస్ వాల్వ్ తెరుస్తుంది. మంట వెలిగిందా లేదా అని తెలుసుకోడానికి దానికి కళ్ళుండవు కదా, మంటలోకి ఒక లోహపు కడ్డీ పెట్టి ఉంటుంది. మంట ఉంటే దాని గుండా మైక్రో ఆంపియర్లలో కొలిచేంత సన్నటి కరెంటు పారుతుంది. ఆ కరెంటు వస్తే మంట ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. కొన్ని సెకన్లలో ఆ సిగ్నల్ రాకపోతే వాల్వ్ మూసేస్తుంది. వచ్చినదాంతో ఎగిరిన గ్యాస్‌ని ఫ్యాన్‌తో బయటికి తోసేసి మళ్ళీ ప్రయత్నిస్తుంది. అలా కొన్నిసార్లు చూసి, ఇక లాభం లేదని తాళం వేసుకుని కూర్చుంటుంది. దాన్నే లాకౌట్ అంటారు.

ఇప్పుడు ఆలోచించండి. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించడం దానికి చేతకాక ఆగిందా? ఒక్క లూప్ రాస్తే జీవితాంతం ప్రయత్నిస్తూనే ఉంటుంది కదా. డిజైన్ చేసినవాళ్ళు కావాలనే అలా రాయలేదు. మంట లేకుండా గ్యాస్ వదలడమంటే ఏమిటో వాళ్ళకి తెలుసు. "ఇక్కడితో నా తెలివి అయిపోయింది, ఒక మనిషి వచ్చి చూసేదాకా కదలను" అని ఆ యంత్రం చెప్తోంది. ఆ మనిషి వచ్చాడు. చూడలేదు. మీట నొక్కాడు. అంటే యంత్రం మనిషినుంచి అడిగిన ఒక్క పని, ఆలోచించడం, అదే చెయ్యలేదు. దానిబదులు ఆ రాయని లూప్ తనే అయ్యాడు.

మన కోడ్‌లో ఎవడైనా ఎక్సెప్షన్‌ని పట్టుకుని, లోపల ఏమీ రాయకుండా మింగేస్తే కోడ్ రివ్యూలో వాణ్ణి చీల్చి చెండాడతాం. ఇంటికొచ్చి అదే పని వేలితో చేస్తాం.

రెండో సంగతి, కోడ్ అంటే కారణం అనుకోవడం. ఎఫ్28 అంటే వైలాంట్ బాయిలర్లలో "వెలిగించబోతే మంట రాలేదు" అని. ఎందుకు రాలేదో అది చెప్పదు, దానికీ తెలీదు. ప్రీపేమెంట్ మీటర్లో డబ్బులు అయిపోయి ఉండొచ్చు. కండెన్సేట్ పైపు గడ్డకట్టి ఉండొచ్చు. కడ్డీ పాడై ఉండొచ్చు. గ్యాస్ వాల్వ్ పోయి ఉండొచ్చు. పొగగొట్టంలో తేడా వచ్చి ఉండొచ్చు. మొదటిది నవ్వులాట, చివరిది ప్రాణాంతకం. రెంటికీ తెరమీద కనిపించేవి అవే మూడు అక్షరాలు.

పోనీ కోడ్‌లైనా అందరికీ ఒకటేనా? వైలాంట్‌లో ఎఫ్22 అంటే నీళ్ళ ఒత్తిడి తగ్గిందని. ఐడియల్ వాళ్ళ లాజిక్ బాయిలర్లలో అదే సంగతి ఎఫ్1. బాక్సీలో ఈ119. మంట వెలగకపోతే ఐడియల్‌లో ఎల్2, బాక్సీలో ఈ133. కాబట్టి "మా ఇంట్లోనూ ఎఫ్ అని ఏదో వచ్చింది గురూ, నీళ్ళు నింపితే పోయింది" అనే సలహా విని వేరే కంపెనీ బాయిలర్‌కి నీళ్ళు నింపేవాణ్ణి ఏమనాలి? వేరే డేటాబేస్ ఎర్రర్ నంబరు చూసి మన డేటాబేస్‌కి మందు వేసేవాడు అనాలి. మీ బాయిలర్ మోడల్ పేరు, దాని మాన్యువల్, అవే మీకు ప్రమాణం. నేను కూడా కాదు.

ఎర్రర్ కోడ్‌కి అలవాటు పడిపోవడం ఎంత దూరం తీసుకెళ్తుందో మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. థెరాక్-25 గుర్తుందా? కాన్సర్ రోగులకి రేడియేషన్ ఇచ్చే యంత్రం. 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి మోతాదుకి ఎన్నోరెట్లు రేడియేషన్ కొట్టింది, అందులో కొందరు చచ్చిపోయారు. 1986లో టెక్సస్ రాష్ట్రం టైలర్ ఊళ్ళో ఆపరేటర్ తెరమీద చూసింది "మాల్‌ఫంక్షన్ 54". ఆ యంత్రం రోజూ ఏవో కోడ్‌లు చూపిస్తూనే ఉండేది, కొనసాగించు అని "పి" మీట నొక్కితే పని జరిగిపోయేది. అలవాటు ప్రకారం నొక్కింది. లోపల రోగికి రెండో దెబ్బ తగిలింది. మనం ఆ కథలో ప్రోగ్రామర్‌ని తిట్టి ఊరుకుంటాం. తప్పు వాళ్ళదే, కాదనను. కానీ ఆ "పి" మీట మీద ఉన్న వేలు ఉంది చూశారూ, ఆ జనవరిలో అది నా వేలు.

ఇక ముగింపు. ఆరోరోజు పొద్దున మా ఆవిడ మంచం దిగబోయి కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పుడు మా పై వీధిలో ఉండే ఒక తెలుగాయన, వయసులో పెద్దాయన, చూడ్డానికి వచ్చి అడిగిన మొదటి ప్రశ్న: "బాయిలర్ ఎలా ఉంది బాబూ?" నేను రీసెట్ సంగతి చెప్పా. ఆయన ఇంకో మాట మాట్లాడకుండా బాయిలర్ ఆపించి, కిటికీలు తెరిపించి, పాపని ఎత్తుకుని అందర్నీ బయటికి నడిపించారు. ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేస్తే మా ఆవిడకీ పాపకీ ఇద్దరికీ కార్బన్ మోనాక్సైడ్ ఉండాల్సినదానికన్నా ఎక్కువగా ఉంది. కొన్ని గంటలు ఆక్సిజన్ పెట్టి, ఇంటికి మాత్రం వెళ్ళొద్దని చెప్పి పంపారు.

ఆ మధ్యాహ్నం వచ్చిన గ్యాస్ ఇంజనీరు పదినిమిషాల్లో తేల్చేశాడు. పొగగొట్టం మలుపు దగ్గర అతుకు ఊడింది. బయటికి పోవాల్సిన పొగ, లోపలికొచ్చే గాలిలో కలుస్తోంది. ఆ గాలితో మంట సరిగ్గా నిలవట్లేదు, అందుకే ఆరిపోతోంది. సీలు కూడా పోయి కొంత పొగ ఇంట్లోకీ వస్తోంది. అంటే ఆ కోడ్ అబద్ధం చెప్పలేదు. ఆ యంత్రం తనకి చేతనైన భాషలో వారం రోజులపాటు "ఊపిరాడట్లేదు" అంటూనే ఉంది. నేను ప్రతిసారీ దాని నోరు మూసి మళ్ళీ వెలిగించాను. వెలిగించిన ప్రతిసారీ నా పెళ్ళానికీ పిల్లకీ ఇంకో మోతాదు ఇచ్చాను. ఇంజనీరు ఆ బాయిలర్‌కి "తక్షణ ప్రమాదం" అన్న చీటీ కట్టి, గ్యాస్ ఆపేసి వెళ్ళాడు.

మనవాళ్ళు దీనికి ఎందుకంత తేలిగ్గా దొరికిపోతామో నాకొక అనుమానం. మనం సిలిండర్ల దగ్గర పెరిగినవాళ్ళం. రెగ్యులేటర్ ఆపడం, సబ్బునీళ్ళు రాసి బుడగలు చూడడం, వాసనొస్తే స్విచ్ వెయ్యకపోవడం, ఇవన్నీ మన అమ్మలు నేర్పారు. మంచి పాఠాలే. కానీ ఆ పాఠాలన్నీ కాలని గ్యాస్ గురించి. దానికి వాసన కలిపి ఇస్తారు కాబట్టి ముక్కు పట్టేస్తుంది. సరిగ్గా కాలని గ్యాస్ నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకి పైగా గట్టిగా అతుక్కుంటుంది. "వాసనేం రావట్లేదు కదా" అన్న ధైర్యం ఇక్కడ ధైర్యమే కాదు. మన ఊళ్ళలోనే గాలాడని బాత్‌రూముల్లో గ్యాస్ గీజర్లు పెట్టుకుని, స్నానానికి వెళ్ళి తిరిగిరాని వాళ్ళ వార్తలు మీరు చదివే ఉంటారు. అక్కడ చంపేదీ ఇదే.

అయితే బాయిలర్ జోలికే వెళ్ళకూడదా? ఎర్రలైటు కనిపిస్తే చలికి వణుకుతూ కూర్చోవాలా? అది కూడా అతే. గీత ఎక్కడుందో తెలిస్తే చాలు. ఆ గీత బాయిలర్ మూత. మూతకి బయట ఉన్నవి కొన్ని మీరు చూడొచ్చు. మూత విప్పడం మాత్రం మీ పని కాదు. చాలా బాయిలర్లలో ఆ మూత అందానికి పెట్టిన డబ్బా కాదు, గాలీ పొగా ఇంట్లోకి రాకుండా ఆపే సీలులో అదీ భాగం.

మీరు చూడదగ్గవి ఇవి.

స్టవ్ వెలుగుతోందా? గ్యాస్ స్టవ్ కూడా వెలగకపోతే తప్పు బాయిలర్‌ది కాదు, ఇంటికే గ్యాస్ రావట్లేదు. మీటర్లో డబ్బులు చూడండి.

ప్రెషర్ ముల్లు ఎక్కడుంది? చల్లగా ఉన్నప్పుడు మామూలుగా 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. తగ్గితే మాన్యువల్లో చెప్పినట్టు ఫిల్లింగ్ లూప్ తిప్పి నెమ్మదిగా నింపి, వాల్వులు గట్టిగా కట్టెయ్యండి. వారానికోసారి నింపాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతోంది, లేదా లోపల ఏదో పోయింది. నింపడం వైద్యం కాదు.

బయట గడ్డకట్టే చలిగా ఉండి, బాయిలర్ గుడగుడమంటోందా? గోడలోంచి బయటికి వచ్చే ప్లాస్టిక్ కండెన్సేట్ పైపు గడ్డకట్టి ఉండొచ్చు. నేలమీద నిలబడి అందేంత ఎత్తులో ఉంటేనే, వేడినీళ్ళు పోసి కరిగించండి. మరిగే నీళ్ళు వద్దు, నిచ్చెనలు వద్దు.

వీటిలో ఒక కారణం దొరికి, దాన్ని సరిచేశాక, అప్పుడు రీసెట్ ఒక్కసారి. మళ్ళీ అదే కోడ్ వచ్చిందా, ఆపేసి ఇంజనీరుని పిలవండి. కారణమే దొరకలేదా, ఆ ఒక్కసారి కూడా వద్దు.

తలనొప్పి, వికారం, మత్తు, ఇల్లు దాటితే తగ్గిపోవడం, బాయిలర్ చుట్టూ మసిమరకలు, అలారం మోగడం.. వీటిలో ఒక్కటున్నా కోడ్ గురించి ఆలోచన కట్టిపెట్టండి. బాయిలర్ ఆపండి, తలుపులు తెరవండి, అందరూ బయటికి రండి. గ్యాస్ వాసనొస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా, వీలైతే మీటర్ దగ్గర మీట పైపుకి అడ్డంగా తిప్పి ఆపి, బయటికొచ్చాక ఫోన్ చెయ్యండి. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 0800 111 999. పగలూ రాత్రీ ఎత్తుతారు. ఎవరైనా స్పృహ తప్పితే 999.

ఇక మనవాళ్ళు చెప్పే సాకులు.

"ఇంజనీరొస్తే వంద పౌండ్లు బాస్." అద్దె ఇంట్లో మీరెందుకివ్వాలి? ఇంగ్లండులో 1985 నాటి అద్దె చట్టం సెక్షన్ 11 ప్రకారం హీటింగ్, వేడినీళ్ళ ఏర్పాట్లు బాగుచేయించడం సాధారణంగా యజమాని బాధ్యత. 1998 గ్యాస్ నిబంధనల ప్రకారం 12 నెలలకోసారి తనిఖీ చేయించి, ఆ కాగితం 28 రోజుల్లోగా అద్దెకున్నవాళ్ళకి ఇవ్వాలి. కొత్తగా దిగేవాళ్ళకి దిగేముందే ఇవ్వాలి. ఇంగ్లండులో 2022 అక్టోబరు 1 నుంచి బాయిలర్ ఉన్న నివాసపు గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాల్సిందీ, పాడైందని చెప్తే మార్చాల్సిందీ యజమానే. వంద పౌండ్ల గురించి బెంగపడేవాడు ఆ కాగితం ఎప్పుడైనా అడిగాడా? నేనూ అడగలేదు. తర్వాత అడిగితే తెలిసింది, మా ఇంటి తనిఖీకి గడువు దాటి అయిదునెలలు!

"ఓనర్‌తో గొడవెందుకు, డిపాజిట్ పట్టుకుంటాడు." ఈమెయిల్ రాయడం గొడవ కాదు. తేదీ, కోడ్, ఎన్నిసార్లు వచ్చింది, ఫోటో. మనం రోజూ పదిమందికి రాసే బగ్ రిపోర్టే ఇది. ఫోన్లో చెప్తే ఏజెంటు మర్చిపోతాడు, రాస్తే మర్చిపోలేడు. "రీసెట్ చేస్తూ ఉండండి" అని వాళ్ళంటే, ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మనండి. ఎవడూ ఇవ్వడు.

"మనవాడొకడున్నాడు, చవగ్గా చేస్తాడు." చెయ్యనీండి, కానీ ముందు కార్డు చూపించమనండి. డబ్బు తీసుకుని గ్యాస్ పని చేసేవాడు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉండి తీరాలి. 2009 ఏప్రిల్‌లో పాత కోర్గీ స్థానంలో వచ్చింది అది. కార్డు ముందువైపు ఫోటో, నంబరు. వెనకవైపు ఏ పనులకి అర్హత ఉందో రాసుంటుంది. వెనకవైపు కూడా చూడండి, స్టవ్‌కి అర్హత ఉన్నవాడికల్లా బాయిలర్‌కి ఉండాలని లేదు.

"నేనూ ఇంజనీర్నే." అవును, నేనూ అదే అనుకున్నా.

సొంత ఇల్లున్నవాళ్ళకి పైన చెప్పిన యజమాని మీరే. మిమ్మల్ని అడిగే అద్దెదారు లేడు కాబట్టి ఏడాదికోసారి మీకు మీరే అడుక్కోవాలి. అలారం బాయిలర్ ఉన్న గదిలో, దానికి 1 నుంచి 3 మీటర్ల దూరంలో పెట్టుకోండి. వెనకాల రాసున్న గడువు తేదీ ఈరోజే చూడండి. కిచ్ కిచ్ మంటుంటే కొత్తది కొనండి, బ్యాటరీ పీక్కండి.

మా ఆవిడ ఇప్పుడు బాగానే ఉంది, పాప కూడా. ఆ పెద్దాయన ఆ పొద్దున రాకపోయి ఉంటే నేను ఏడోరోజు కూడా లేచి, కాఫీ తాగి, మీట నొక్కి, ఆఫీసుకెళ్ళిపోయి ఉండేవాణ్ణి. నేను క్షేమంగా ఉండేవాణ్ణి, ఎందుకంటే నేను ఆఫీసులో ఉంటాను కదా.

అందుకని, ఈసారి ఎవరైనా మిమ్మల్ని "బాయిలర్ మీద కోడ్ వచ్చింది, ఏం చెయ్యాలి?" అని అడిగితే దయచేసి రీసెట్ అని మాత్రం అనకండి. ఆ పెద్దాయన పడిపోయిన మనిషిని చూసి బాయిలర్ గురించి అడిగారు. మీరు బాయిలర్ గురించి విన్నప్పుడు మనుషుల గురించి అడగండి. "ఇంట్లో ఎవరికైనా తలనొప్పిగా ఉందా?" అని. మిగతావన్నీ తర్వాత.